నాలుగింటికి నడవని మిషను

నన్ను ఫెయిల్ చేసిన మనిషి మొన్న తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం నిలబడి అక్కడికక్కడే కుప్పకూలి చనిపోయాడట. మా బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఒకడు వార్త పెట్టాడు. కిందనే దండాలు, పూలదండలు, ఏడుపు బొమ్మలు వరస కట్టాయి. "గొప్ప గురువు" అని ఒకమ్మాయి రాసింది. ఆ అమ్మాయి నాలుగేళ్ళూ ఆయన ల్యాబు ఉన్న రోజున కడుపునొప్పి అని హాస్టల్లో పడుకునేది. చాలాసేపటికి ఇంకొకడు "పీడ విరగడైంది" అని పెట్టి, భయపడి వెంటనే తీసేశాడు. తీసేలోపు నేను చూశాను. ఆ గ్రూపు మొత్తంలో మనసులోంచి వచ్చిన మాట అదొక్కటే అనిపించింది. హోసూరులో ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముందర పళ్ళెం పెట్టుకుని ఉన్నాను. ఇక ముద్ద దిగలేదు.

ఆయన మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడంటే ఇంకా మండుతుంది. ఎక్కడ పుట్టాడో, ఎంత చదివాడో, ఇంట్లో ఎలా ఉండేవాడో నాకు తెలియదు, ఇప్పుడు కనుక్కోవాలనీ లేదు. తిరువూరు దగ్గర మేం చదివిన ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ వర్క్‌షాపు ఆయనది. ఎదురుగా వర్క్‌షాపు సార్ అనేవాళ్ళం, వెనకాల సమ్మెట సార్.

పొట్టి మనిషి. మెడ లేదు, తలకాయ తెచ్చి తిన్నగా భుజాల మీద పెట్టినట్టుండేది. ఎండాకాలం వస్తే చొక్కా జేబులో పచ్చి మామిడికాయ ముక్కలు, ఉప్పూకారం పొట్లం ఉండేవి. పాఠం చెబుతూనే నమిలేవాడు. కోపం వచ్చే ముందు నమలడం ఆగిపోయేది. దవడ ఆగగానే ముందు బెంచీల వాళ్ళం తలలు దించేవాళ్ళం, ఎందుకంటే ఆ తర్వాత ఏదో ఒకటి గాల్లోకి లేచేది. డస్టరు, బోల్టు, ఏది చేతికందితే అది. ఒకడి కనుబొమ చీలి కుట్లు పడ్డాయి. వాడి నాన్న కాలేజీకొచ్చి నానా రభసా చేశాడు. సార్ ఆయన్ని లేత్ మిషను దగ్గరికి తీసుకెళ్ళి ఆన్ చేశాడు. మీవాడు ఇది తిరుగుతుంటే దీని పక్కన నిలబడి ఫోను చూస్తున్నాడు, నేను కొడితే కనుబొమ పోయింది, ఇది కొడితే మొహం పోయేది అన్నాడు. ఆ తండ్రి, తనకొచ్చిన కోపం ఊరికే పోకుండా కొడుకుకే రెండు తగిలించి వెళ్ళాడు.

నాకూ తగిలింది. విరిగిన షాఫ్టు ఒకటి బల్ల మీద పెట్టి, ఇది ఎందుకు విరిగిందో చెప్పమన్నాడు. నేను లేచి పుస్తకంలో ఉన్నది గడగడా అప్పజెప్పాను. స్టీలు స్కేలు వచ్చి గడ్డం కింద చీరింది. రక్తం మెడ మీదకి కారుతుంటే క్లాసంతా లేచి నిలబడింది. ఆయన రుమాలు విసిరేసి, ఒత్తిపెట్టుకుని దగ్గరకొచ్చి చూసి చెప్పమన్నాడు. ఒక చేత్తో రుమాలు పట్టుకుని, ఇంకో చేత్తో ఆ షాఫ్టు తిప్పి చూశాను. గాడి మూల దగ్గర పగులు పాతది, తుప్పు పట్టి ఉంది. మిగతా భాగం కొత్తగా విరిగింది. అదే చెప్పాను. "కూర్చో" అన్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని ఆయన పెట్టిన దీవెన అని నేను చెప్పుకోను. పిల్ల మొహం మీదకి ఇనుము విసిరినవాడిది తప్పు, అంతే. కానీ ఆ రోజు తర్వాత చూడకుండా ఏ మాటా నా నోటెంట రాలేదు. ఈ రెండూ నిజమే, రెండిటికీ పొత్తు కుదర్చడం నా వల్ల కాలేదు.

మేం మూడో ఏడులో ఉండగా కాలేజీ గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మారిపోతున్న ప్రపంచంలో నెగ్గుకు రావాలంటే ఇంజనీర్లకి కావాల్సిన నైపుణ్యాలన్నీ రెండు రోజుల్లో నేర్పేస్తారట. హైదరాబాదు నుంచి కోటు వేసుకుని ఒకాయన వచ్చాడు. టై ఎలా ముడెయ్యాలి, ఇంటర్వ్యూలో కుర్చీలో ఎలా కూర్చోవాలి, ఎదుటివాళ్ళతో చెయ్యి ఎంత గట్టిగా కలపాలి, అన్నీ చేయించి చూపించాడు. నేను శ్రద్ధగానే నేర్చుకున్నాను. మా ఇంట్లో కుర్చీయే లేదు, కూర్చోవడం మాత్రం ఎక్కడ నేర్చుకుంటాను? చివర్లో, అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటారో చెప్పమని ఒక్కొక్కరినీ లేపాడు. ఒకడు మేనేజరన్నాడు, ఒకడు కెనడా అన్నాడు. వెనకాల నిలబడి ఉన్న సార్‌కి దవడ ఆగింది. వచ్చి మైకు లాక్కున్నాడు.

"అయిదేళ్ళకి ఇవాళ మీరు నేర్చుకుంటున్న మిషను ఉండదురా. కంపెనీ ఉంటుందో లేదో కంపెనీకే తెలీదు. ఎవరూ చూడని కొత్తదేదో తెచ్చి మీ ముందర పడేస్తారు. దాన్ని విప్పి, చూసి, మళ్ళీ బిగించేవాడు ఉంటాడు. మిగతావాళ్ళు టై కట్టుకుని ఇంటికి పోతారు."

కోటాయన మర్యాదగా, ఇంగ్లీషు కూడా ముఖ్యమే కదండీ అన్నాడు. సార్ మైకు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. దాని ఖరీదు ఆయన జీతంలో పట్టుకున్నారు.

ఇక ఆయన పద్ధతి గురించి చెప్పాలి. ఫైనలియర్ వాళ్ళు ఏదో ఒక మిషను తయారుచేసి చూపించాలి. చూడడానికి బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. మిగతా బ్రాంచీల్లో ఆయనకి కోడికూరతో భోజనం పెట్టి, వెళ్ళేటప్పుడు మామిడిపళ్ళ బుట్ట కారులో పెట్టి, అందరికీ మార్కులు వేయించేవాళ్ళు. మా దగ్గర అలా కుదిరేది కాదు. పొద్దున్నే మిషన్లన్నీ వర్క్‌షాపులో వరసగా పెట్టించేవాడు. ఒక్కోదాని చుట్టూ తిరిగేవాడు, వేలి కణుపుతో తట్టి చెవి ఆనించేవాడు, తర్వాత సమ్మెట ఎత్తి, అది ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ ఒక్క దెబ్బ వేసేవాడు. "సాయంత్రం నాలుగింటికి నడవాలి" అనేవాడు. నడిస్తే పాసు, నడవకపోతే లేదు. చేసినవాడికి మళ్ళీ చెయ్యడం వస్తుంది, కొన్నవాడికి రాదు. అదీ ఆయన లెక్క.

కొనడం మా దగ్గర తప్పేం కాదు, ఆనవాయితీ. విజయవాడలో ప్రాజెక్టులు అమ్మే షాపులుంటాయి. డబ్బు కడితే మిషను రంగు వేసి ఇస్తారు. దాని గురించి రాయాల్సిన రిపోర్టు ఇప్పుడు ఫోనే రాసిపెడుతోంది. సమ్మెట దెబ్బకి కూడా సీనియర్లు విరుగుడు కనిపెట్టారు. వైవా రోజున షాపు మెకానిక్కుని పిలిపించి కాలేజీ గోడవతల కూర్చోబెట్టేవాళ్ళు. విరిగిన ముక్క గోడ దాటి వెళ్ళేది, బాగై తిరిగొచ్చేది. సార్‌కి తెలుసో తెలియదో మాకు తెలియదు.

నేను కొనలేదు. కొననన్నందుకు నాతో జట్టు కట్టడానికి ఎవరూ రాలేదు, అందుకని ఒక్కదాన్నే చేశాను. మాది గంపలగూడెం పక్కన ఊరు. మా అమ్మ కూలికెళ్తుంది. పత్తి తీయడం అయిపోయాక చేలో మిగిలిన కట్టె పీకాలి. ఎండిన నేలలోంచి ఒక్కో మోడునీ రెండు చేతులతో పట్టుకుని లాగాలి. ఆ నెలంతా అమ్మ అరచేతులు చీరుకుపోయి ఉండేవి, కూరలో కారం కలపాలంటే నన్ను పిలిచేది. నేను చేసింది ఆ కట్టె పీకే మిషను. పాత మోపెడ్ ఇంజను, గొలుసు, టైరు ముక్కలు తొడిగిన రెండు రోలర్లు. అవి ఎదురెదురుగా తిరుగుతుంటే మధ్యలోకి దూరిన కట్టె వేళ్ళతో సహా పైకొస్తుంది. అప్పటికే ఒక ట్రాక్టర్ల కంపెనీ వాళ్ళు కాలేజీకొచ్చి నన్ను ఉద్యోగానికి తీసుకున్నారు. జూన్‌లోపు పాసైన కాగితం చూపించాలి, లేకపోతే ఉద్యోగం లేదు. మా అమ్మ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేసింది, మా పిల్లకి ఉద్యోగం వచ్చిందని.

వైవా రోజున ఏం జరిగిందంటే, రెండు జట్లు గుడ్డలు తీసేసరికి ఒకే మిషను బయటపడింది. చేలకి పురుగుమందు కొట్టే రోబో. అదే నీలం రంగు, అవే చక్రాలు, అదే మూల అదే షాపు స్టిక్కరు. ఒకే కాలేజీ వాళ్ళని షాపువాడు గమనించుకోలేదు, రెండు జట్లూ ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎగ్జామినర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. సార్ నవ్వలేదు. ఆ రోజు ఆయన ఒక్క దెబ్బతో ఆగలేదు. రెండిటినీ చితక్కొట్టాడు. పళ్ళచక్రాలు కిటికీ దాకా ఎగిరాయి. తర్వాత రెండిటి ముక్కలూ కాలితో ఒకే కుప్పగా కలిపి, మీదేదో మీరు ఏరుకుని కట్టుకోండి అన్నాడు. అందులో ఒక జట్టు నాయకుడు ఎరువుల షాపులూ తోటలూ ఉన్న ఇంటి పిల్లాడు. ఏదో అనబోయాడు. సార్ చెంప మీద కొట్టాడు. వాడు తూలి ఆ కుప్ప మీదే పడ్డాడు, మోచెయ్యి తెగింది. లేచి ఫోను చేసుకుంటూ బయటికెళ్ళాడు.

నా మిషనుకి గొలుసు వైపు రోలరు పట్టీ విరిగింది. కోపం వచ్చిందిగానీ ఏడవలేదు. విప్పి, పట్టీ వెల్డింగు చేసుకుని, మళ్ళీ బిగిస్తున్నాను. భోజనానికి కూడా లేవలేదు. నాలుగింటి లోపే అయిపోతుందని నాకు తెలుసు, చేతులకి ఆ ధీమా వచ్చేసింది.

అప్పుడు గేటు దగ్గర కారు ఆగింది. ఆ పిల్లాడి బాబాయి, ఇంకో నలుగురు దిగారు. వాళ్ళ చేతుల్లో బోరు పైపు ముక్కలున్నాయి. వర్క్‌షాపు మెట్ల మీద సార్ మామిడికాయ ముక్క నములుతూ నిలబడి ఉన్నాడు. వాళ్ళు వస్తూనే కొట్టారు. మొదటి దెబ్బ మోకాళ్ళ మీద, రెండోది వీపు మీద. ఆయన పడ్డాక లేవబోతే చెయ్యి మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది, ఎండిన పత్తి కట్టె విరిగినట్టు. ఆయన అరవలేదు. పక్కనున్న వాడి కాలు పట్టుకుని కొరికాడు. కండ ఊడొచ్చేలా కొరికాడు. వాడు కేకలు పెడుతుంటే మిగతావాళ్ళు తల మీద తన్నారు. చుట్టూ మా క్లాసు వాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఫోన్లు లేచాయిగానీ ఒక్క చెయ్యి లేవలేదు.

నేను స్పానరుతోనే బయటికొచ్చాను. ఎందుకొచ్చానో అప్పుడు ఆలోచించలేదు. ఆయన మీద నాకేం ప్రేమ లేదు. ఒక మనిషిని అయిదుగురు కొడుతుంటే చూడలేకపోయాను. బాబాయి భుజం మీద నా బలమంతా పెట్టి కొట్టాను. అతను తిరిగి నా మొహం మీద కొట్టాడు, మెట్ల మీద పడ్డాను, పొట్టలో తన్నాడు. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. మళ్ళీ లేచి మోకాలి చిప్ప మీద కొట్టాను. ఈసారి అతను పడ్డాడు. ఆడపిల్ల మొహం రక్తమయ్యాక గానీ మిగతావాళ్ళకి చలనం రాలేదు. వాచ్‌మన్ విజిలు వేశాడు, కుర్రాళ్ళు ముందుకొచ్చారు, వాళ్ళు కారెక్కి పోయారు.

సార్‌ని లేపి గోడకి ఆనించాను. కుడిచెయ్యి మోచేతి కింద వేరే దిక్కు తిరిగి ఉంది. నా చున్నీ తీసి కడుతుంటే, టైమెంత అని అడిగాడు. మూడు దాటిందన్నాను. మరి ఇక్కడేం చేస్తున్నావు, లోపలికి పో అన్నాడు.

లోపలికెళ్ళాను.  గొలుసు పళ్ళ మీద కూర్చోవట్లేదు. కడుపులో తన్నిన చోట నొప్పికి వంగలేకపోతున్నాను. నాలుగింటికి ఆయన ఆసుపత్రికి పోకుండా, చున్నీలో వేలాడుతున్న చేత్తో వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. వెనకాల ఎగ్జామినర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజను స్టార్టయింది. గొలుసు జారింది. రోలర్లు తిరగలేదు.

"సార్, పది నిమిషాలు" అన్నాను.

ఆయన ఎడంచేత్తో పెన్ను తీసుకున్నాడు.

"మీ కోసం బయటికొచ్చాను సార్."

"నేను పిలిచానా? నాలుగైంది."

ఎగ్జామినర్ ఏదో సర్దిచెప్పబోయాడు. నడిచిందా అని సార్ ఆయన్నే అడిగాడు. లేదన్నాడు. మరింకేంటన్నాడు. ఎడంచేతి వంకర గీతలతో నా పేరు పక్కన ఫెయిల్ అని రాసి, ఆ తర్వాత ఆసుపత్రికెళ్ళాడు. నోట్లో ఇంకా రక్తం రుచి తగ్గలేదు నాకు. ఆ నిమిషంలో ఆయన చచ్చిపోతే బాగుండుననుకున్నాను.

మర్నాడు మా అమ్మ తిరువూరు ఆసుపత్రికి వచ్చింది. నేను ఆపుతున్నా వినలేదు. వార్డులోకి పోయి, మంచం మీద కట్టు కట్టించుకుని ఉన్న మనిషి చెంప ఛెళ్ళుమనిపించింది. మా అమ్మ చెయ్యి మామూలు చెయ్యి కాదు. నర్సు పరిగెత్తుకొచ్చింది. నీ కోసం దెబ్బలు తిన్న పిల్లని ఫెయిల్ చేస్తావా, నీకు కడుపున పుట్టినోళ్ళు లేరా అని అమ్మ ఊగిపోయింది. ఆయన నర్సుని పక్కకి తప్పుకోమన్నాడు.

"ఇంకో రెండు కొట్టండమ్మా. మార్కు మాత్రం మారదు."

అమ్మ ఇంకో రెండు కొట్టింది. కొట్టదా మరి, కొట్టమని ఆయనే అన్నాడు.

పోలీసులొస్తే ఆయన కేసు వద్దన్నాడట. నేను వాళ్ళ మిషను పగలగొట్టి పిల్లాణ్ణి కొట్టాను, వాళ్ళు నా చెయ్యి విరగ్గొట్టారు, ఇందులో కేసేముంది అన్నాడట. కేసు లేకపోయేసరికి కాలేజీ వాళ్ళకి ధైర్యం వచ్చింది. ఆయన్ని తీసేయడానికి కాగితాలు తయారుచేశారు. ఫెయిలైన వాళ్ళకి మళ్ళీ వైవా పెట్టి, మిషను లేకుండానే పాస్ చేస్తామన్నారు. దానికి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఆయన పిల్లల్ని కొడతాడని, ఇనుము విసురుతాడని. రోబో వాళ్ళు అందరూ పెట్టారు. నన్ను ప్రిన్సిపల్ గదిలో కూర్చోబెట్టి, నీ గడ్డం మీద మచ్చే ఉంది కదమ్మా, అందరికంటే నీ మాటకే విలువ అన్నారు. నేను పెట్టలేదు. ఆయన మీద నాకున్న కోపం నాది. దాన్ని వాళ్ళకి అప్పజెప్పి నా పాసు కొనుక్కోవాలనిపించలేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిదానికి మాత్రం ఉద్యోగం ఉండదు.

మే నెలలో అమ్మతో పాటు నేనూ కట్టె పీకడానికి పోయాను. మిషను కూడా చేలోకి తెచ్చుకున్నాను. వర్క్‌షాపు నేల వేరు, మా చేలో నేల వేరు. రాయి తగిలితే రోలరు వంగేది, దుమ్ముకి గొలుసు బిగుసుకునేది. పొద్దుటి నుంచి బాగుచేసుకుంటూ, తిట్టుకుంటూ, మళ్ళీ నడిపిస్తూ ఉన్నాను. ఒకరోజు ఎండ నడినెత్తికి రాకముందు, రోడ్డు మీద షేరాటో దిగి ఒక పొట్టి మనిషి గట్టు వెంట నడిచి వస్తున్నాడు. చెయ్యి మెడకి కట్టి ఉంది. అమ్మ ఆయన్ని చూసి, దాపురించాడు అంది.

ఆయన పలకరింపులేం లేకుండా మిషను చుట్టూ తిరిగాడు. నడుస్తోందా అన్నాడు. నడుస్తోందన్నాను. ఎడంచేతి వేలి కణుపుతో తట్టి చెవి పెట్టాడు. ఆ తర్వాత, తన చెయ్యి లేవడం లేదు కాబట్టి మిషనుని నన్నే కొట్టమన్నాడు. నేను కదల్లేదు.

"ఆ కాగితం మీద సంతకం పెట్టలేదంట. ఎందుకు?" అన్నాడు.

"నా ఇష్టం."

"అందులో రాసింది అబద్ధమా?"

"కాదు."

"మరి పెట్టాల్సింది. ముందు చెయ్యి చేసుకున్నది నేనేగా. పెడితే ఉద్యోగం దక్కేది."

 దెబ్బలు తిన్నందుకు ఫెయిల్ చేశాడు, నోరు మూసుకున్నందుకు తిడుతున్నాడు. సంచీలోంచి సుత్తి తీశాను. ఉన్నమాట చెప్పాలంటే ఆయన మీదకే ఎత్తాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు, ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. సుత్తి ఇంజను కూర్చునే పట్టీ మీద దిగింది. అక్కడ వెల్డింగు సరిగ్గా పట్టలేదని ఆ వారమంతా నాకు తెలుసు. పట్టీ ఊడి ఇంజను ఒక పక్కకి ఒరిగిపోయింది. పిచ్చి పట్టిందే నీకు అని అమ్మ అరిచింది.

ఆయన వంగి ఆ విరిగిన చోటు చూశాడు.  పోయి గట్టు మీద కండువా నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు. నేను పట్టీకి వెల్డింగు వదిలేసి, రెండు వైపులా రంధ్రాలు చేసి బోల్టులు బిగించాను. చేతి డ్రిల్లుతో ఆ ఎండలో అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ ఇంజను ఎత్తి పట్టుకుంది. టైము చూడలేదు, ఎవరూ అడగలేదు. స్టార్ట్ చేసి సాలు వెంట నడిపాను. కట్టె ఒక్కోటీ వేళ్ళతో సహా లేచి పక్కకి పడింది. రాయి తగిలింది, ఎగిరింది, ఆగలేదు. సాలు చివరిదాకా పోయి వెనక్కి తిరిగేసరికి అమ్మ అలాగే నిలబడి చూస్తోంది. తన చేతులు తను చూసుకుంటోంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

అన్నానికి కూర్చున్నాం. కొత్తావకాయ, మజ్జిగ. అమ్మ ఆయనకీ ఒక గిన్నెలో పెట్టింది. కుడిచెయ్యి కట్టులో ఉంది, ఎడంచేత్తో తినడానికి ఆయనకి మనసొప్పలేదు, గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. నీ ఉసురు నాకెందుకులే అని అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది, పెడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తిన్నాడు. ఆవకాయ కారానికో మరి దేనికో కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అప్పుడు చెప్పాడు. యూనివర్సిటీలో తన మాట వినేవాళ్ళు ఇంకా ఒకరిద్దరున్నారట. ఆ రోజు దెబ్బల మీద ఉండి మార్కు తప్పు వేశానని తను రాసిస్తే మారుస్తారట. జూన్‌కి ఇంకా వ్యవధి ఉంది, ఉద్యోగం పోదు. అందుకే వచ్చాడట. "రాసిస్తాను. నువ్వు సరేనంటే ఇవాళే" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒప్పుకోవే అన్నట్టు నా వైపు చూసింది. ఆ ఉద్యోగం కోసం నేను నాలుగేళ్ళు కన్న కలలన్నీ నోటిదాకా వచ్చాయి.

"తప్పెక్కడుంది సార్? ఆ రోజు నాలుగింటికి నడవలేదుగా" అన్నాను.

కావాలనే అన్నాను. ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను. ఆయన మొహంలో రంగు మారింది. అమ్మ ఇంకో ముద్ద పెట్టబోతే తల పక్కకి తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి, కండువా దులుపుకుని, గట్టు వెంట రోడ్డు వైపు నడిచాడు. అమ్మ కలిపిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది. నేను మళ్ళీ ఆయన్ని చూడలేదు. ఆ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు, నా మిషను వైపు తల తిప్పి కూడా చూడని ఇంకో సార్ దగ్గర పాసయ్యాను. ఇప్పుడు గ్రూపులో అందరూ దండాలు పెడుతున్నారు. నేను ఏమీ పెట్టలేదు. ఆ మనిషిని నాలుగేళ్ళలో ఎందరో తిట్టారు, అయిదుగురు పైపులతో కొట్టారు, మా అమ్మ చెంపలు వాయించింది. ఆయన తట్టుకోలేకపోయిన దెబ్బ మాత్రం నేను కొట్టాను.